జ్వరం వచ్చిన రోజున షుగరు: ఒక నర్సమ్మ అనుభవ పాఠాలు

షుగరు ఉన్నవాళ్లకు చెప్పే జాగ్రత్తలు మన ఇళ్లలో అందరికీ కంఠతా వచ్చు. అన్నం తగ్గించు, పొద్దున్నే నడువు, మాత్ర మరవకు, మూడు నెలలకోసారి రక్తం చూపించుకో. ఇవన్నీ ఒళ్లు బాగున్న రోజుల కోసం చెప్పినవి. జ్వరం తగిలిన రోజున, వాంతులు పట్టుకున్న రాత్రి, విరేచనాలతో మంచం దిగలేని పూట ఏ మాత్ర వేసుకోవాలో, ఏది ఆపాలో, ఏం తాగాలో చాలా ఇళ్లలో ఎవరికీ తెలియదు. అప్పుడు తలా ఒక మాట చెబుతారు. ఆ గందరగోళంలోనే ప్రాణం మీదికి వస్తుంది.

నేను ఒక జిల్లా ఆసుపత్రి మెడికల్ వార్డులో నర్సుగా చేరి, అక్కడే హెడ్ నర్సుగా రిటైరయ్యాను. నాకూ షుగరు ఉంది. మాత్రలతో మొదలై ఇప్పుడు రాత్రి పూట ఇన్సులిన్ దాకా వచ్చింది. వానలు పడగానే మా వార్డు జ్వరాలతో, విరేచనాలతో నిండిపోయేది. మామూలు మనుషులు సెలైన్ ఎక్కించుకుని, కోలుకుని ఇంటికి వెళ్లేవారు. అదే జబ్బుతో వచ్చిన షుగరు మనిషి ఐసీయూకు చేరేవాడు. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ ఇండియాబ్ అధ్యయనం ప్రకారం మన దేశంలో షుగరు ఉన్నవాళ్లు 10 కోట్లు దాటారు. అంటే ఈ సంగతి ఇంచుమించు ప్రతి ఇంటికీ కావలసిందే.

నేను చెప్పేదంతా ఒక్క మాట చుట్టూ తిరుగుతుంది. జబ్బు పడ్డ రోజున చేయవలసిన నిర్ణయాలు బాగున్న రోజునే చేసి పెట్టుకోవాలి. ఈ పాఠాలు చదివి మీ డాక్టరును అడగండి. మోతాదులు ఆయనే రాయాలి. ఏం అడగాలో మాత్రం మీకు ముందే తెలిసి ఉండాలి.

1. తినకపోయినా షుగరు పెరుగుతుంది

"రెండు రోజుల నుంచి మెతుకు ముట్టలేదు సిస్టర్, షుగరు ఎక్కడి నుంచి వస్తుంది?" అని అడిగేవారు. మీటరు చూస్తే 380 ఉండేది.

జ్వరం గానీ, చీము గానీ, గట్టి నొప్పి గానీ వచ్చిందంటే ఒళ్లు దాన్ని పెద్ద ఆపదగా తీసుకుంటుంది. కార్టిసాల్, అడ్రినలిన్, గ్లూకగాన్ అనే హార్మోన్లు పెరుగుతాయి. కాలేయం తన దగ్గర దాచుకున్న చక్కెరను రక్తంలోకి వదులుతుంది, కొత్తగా కూడా తయారు చేస్తుంది. అదే సమయంలో ఇన్సులిన్ మునుపటిలా పని చేయదు. షుగరు లేనివాళ్లలో క్లోమం కాస్త ఎక్కువ ఇన్సులిన్ వదిలి సర్దుకుంటుంది. మనకు ఆ శక్తి లేదు. అందుకే కంచం ఖాళీగా ఉన్నా మీటరులో అంకె పైకి పోతుంది. ఈ ఒక్క సంగతి మనసుకు పడితే తక్కిన పాఠాలు సగం వచ్చినట్టే.

2. ఇన్సులిన్ పూర్తిగా మానకూడదు

"తినలేదు కదా, సూది ఎందుకు?" అన్న ప్రశ్న మొదటి పాఠం తెలియకపోవడం నుంచే పుడుతుంది. ఎక్కువగా చిన్నతనంలో వచ్చే టైప్ 1 షుగరు ఉన్నవాళ్లకు ఇన్సులిన్ ఒక్క రోజు ఆగినా ప్రమాదమే. వాళ్ల ఒంట్లో సొంత ఇన్సులిన్ దాదాపు ఉండదు. సూది ఆగితే ఒళ్లు కొవ్వును కరిగించుకోవడం మొదలుపెడుతుంది. దానివల్ల కీటోన్లనే ఆమ్లాలు రక్తంలో పేరుకుంటాయి.

ఇన్సులిన్‌లో రెండు రకాలున్నాయని గుర్తుపెట్టుకోండి. రోజుకు ఒకసారో రెండుసార్లో వేసుకునే నిదానపు రకం ఒకటి. అది తిండితో పని లేకుండా పునాదిలా పని చేస్తుంది. భోజనానికి ముందు వేసుకునే వేగం రకం రెండోది. తినలేని రోజున రెండో రకం మోతాదును తిన్నదాన్ని బట్టీ, మీటరు అంకెను బట్టీ తగ్గించవచ్చు. మొదటిది మాత్రం సొంతంగా ఆపకూడదు. చాలాసార్లు జ్వరంలో మోతాదు పెంచవలసి వస్తుంది కూడా. రెండూ కలిపిన 30/70 లాంటి మిక్స్ ఇన్సులిన్ వాడేవాళ్లు మన దగ్గర ఎక్కువ. వాళ్లు తినలేని పూట ఏం చేయాలో ఇంకా జాగ్రత్తగా అడిగి రాయించుకోవాలి. ఎందుకంటే అందులో ఒక భాగాన్ని ఉంచి మరో భాగాన్ని తీసేయడం మన చేతిలో లేదు.

3. లంఖణం మనకు పనికిరాదు

'లంఖణం పరమౌషధం' అని మన పెద్దవాళ్లు అనేవారు. షుగరు మందులు వాడే మనిషికి ఆ మాట వర్తించదు. ఒంట్లో మందు ఉండి, పొట్టలో తిండి లేకపోతే షుగరు అడుగంటవచ్చు. మందూ తిండీ రెండూ మానేస్తే కీటోన్లు పెరగవచ్చు.

అలాగని జ్వరంతో ఉన్న మనిషికి జొన్న రొట్టె, మొలకలు పెట్టనక్కర్లేదు. మామూలు రోజుల్లో వద్దనే మెత్తటి పిండి పదార్థాలే ఆ రోజు మంచివి. జారుగా చారన్నం, ఇడ్లీ, పలుచటి రాగిజావ, ఉప్పు వేసిన గంజి, బియ్యం పెసరపప్పు కలిపి మెత్తగా ఉడికించిన పులగం, పాలలో నానబెట్టిన బ్రెడ్డు. ఒక్కసారిగా కాకుండా మూడు నాలుగు గంటలకోసారి కొంచెం కొంచెంగా పెట్టాలి. అదీ దిగకపోతే చెంచాలతో జావ పట్టాలి. షుగరు 250 దాటి ఉంటే తీపి లేని నీళ్లూ, మజ్జిగా, చారు నీళ్లూ ఇవ్వండి. 100కు దగ్గరగా దిగి ఉండి మనిషి ఏమీ తినలేకపోతే కాస్త చక్కెర ఉన్న ద్రవమే మందు. "షుగరు వాళ్లకు పంచదార పాపం" అనే భయాన్ని ఆ పూటకు పక్కన పెట్టాలి.

4. మాత్రలన్నీ ఒక్క తీరువి కావు

ఇది అన్నిటికన్నా పెద్ద పాఠం. కాస్త ఓపికగా చదవండి. వాంతులు, విరేచనాలు, తిండి నీళ్లు దిగకపోవడం ఉన్నప్పుడు కొన్ని మాత్రలు తాత్కాలికంగా ఆపవలసి వస్తుంది.

మెట్‌ఫార్మిన్: ఒంట్లో నీరు తగ్గితే కిడ్నీల పని మందగిస్తుంది. అప్పుడు ఈ మందు బయటికి పోక పేరుకుంటుంది, రక్తంలో లాక్టిక్ ఆమ్లం పెరిగే ప్రమాదం ఉంది.

డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్: ఇవి చక్కెరను మూత్రంలోకి పంపే మందులు. గుండెకూ కిడ్నీకీ మేలు చేస్తాయి. మన దేశంలో మొదటిదానికి 2020లో, రెండోదానికి 2025లో పేటెంటు గడువు తీరడంతో ధరలు దిగివచ్చి వాడకం బాగా పెరిగింది. మంచి మందులే. కానీ తిండి దిగని రోజున ఇవి వేసుకుంటే కీటోన్లు పెరగవచ్చు. అప్పుడు మీటరులో షుగరు 180, 200 మాత్రమే కనిపిస్తుంది. లోపల మాత్రం రక్తం ఆమ్లమయం అవుతూ ఉంటుంది. అంకె చూసి ధైర్యపడితే మోసపోతాం.

గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్, గ్లిబెన్‌క్లమైడ్: ఇవి తిన్నా తినకపోయినా క్లోమాన్ని పిండి ఇన్సులిన్ తీయించే మందులు. తినలేని రోజున లో షుగరు తెచ్చేవి ముఖ్యంగా ఇవే.

వీటితో పాటు బీపీకి వాడే రామిప్రిల్, ఎనలాప్రిల్, టెల్మిసార్టాన్, లోసార్టాన్ రకాలూ, నీరు తీసే ఫ్రూసెమైడ్, హైడ్రోక్లోరోథయాజైడ్ లాంటి మాత్రలూ ఉన్నాయి. విరేచనాలతో ఒళ్లు ఎండిపోతున్నప్పుడు ఇవి కిడ్నీని దెబ్బతీయవచ్చు. గుండె జబ్బుకు వాడేవాళ్లు వీటిని డాక్టరును అడగకుండా ముట్టుకోకూడదు. అడగడానికి ఆలస్యం కూడా చేయకూడదు.

ఇక్కడొక చిక్కు ఉంది. మన మెడికల్ షాపుల్లో దొరికే షుగరు మాత్రల్లో చాలావాటిలో రెండు మూడు మందులు కలిసి ఉంటాయి. ఒకసారి వార్డులో ఒకాయన అట్ట నా చేతిలో పెట్టి "ఒక్క మాత్రేనమ్మా వాడేది" అన్నాడు. అట్ట తిప్పి వెనక సన్నటి అక్షరాలు చదివితే గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్, వోగ్లిబోస్ మూడూ ఉన్నాయి. మీ అట్టలు ఈ రోజే తిప్పి చూడండి. కంటికి ఆనకపోతే ఫోనుతో ఫొటో తీసి పెద్దది చేసి చదవండి. ఏ మందు ఎందుకో, తినలేని రోజున ఏది ఆపాలో డాక్టరు చేత పక్కనే గుర్తు పెట్టించుకోండి. ఆపిన మాత్రలను మామూలుగా తిని తాగడం మొదలైన 24 నుంచి 48 గంటల తర్వాత మళ్లీ మొదలుపెట్టడం సాధారణ పద్ధతి. ఆపమన్నారు కదా అని నెలల తరబడి మానేసి, కాలికి పుండుతో వచ్చినవాళ్లను కూడా చూశాను.

మామూలు జలుబు చేసి, తిండి సవ్యంగా తింటున్నవాళ్లు ఏ మాత్రా ఆపనక్కర్లేదు. ఈ పాఠం ఒంట్లో నీరు పోతున్న రోజుల కోసం.

5. ఓఆర్ఎస్‌కు భయపడకండి, దాని పేరుతో వచ్చే డబ్బాలకు భయపడండి

"అందులో గ్లూకోజు ఉంటుంది కదా, మేం తాగొచ్చా?" అని అడుగుతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరు ఓఆర్ఎస్‌లో ఉండే గ్లూకోజు 13.5 గ్రాములు. ఒక చిన్న కూల్‌డ్రింకు సీసాలో, 300 మిల్లీలీటర్లకు, 30 గ్రాములకు పైనే పంచదార ఉంటుంది. ఓఆర్ఎస్‌లోని ఆ కాస్త గ్లూకోజు పేగు గోడ నుంచి ఉప్పునూ, దాంతో నీటినీ లోపలికి లాగడానికి పెట్టినది. అది లేకపోతే ఆ మందు పని చేయదు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ కాలంలో బొంగావ్ శరణార్థి శిబిరంలో డాక్టర్ దిలీప్ మహలనబిస్ కలరా రోగులకు ఈ నీళ్లే పట్టించి వేల ప్రాణాలు నిలబెట్టారు. విరేచనాలైన షుగరు మనిషి నిర్భయంగా తాగవచ్చు.

కలిపే తీరు ముఖ్యం. పెద్ద ప్యాకెట్టు మొత్తం సరిగ్గా ఒక లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో కలపాలి. గ్లాసుకు కొంచెం చొప్పున కలిపితే పాళ్లు తప్పుతాయి. కలిపింది 24 గంటలు దాటితే పారబోయాలి. వాంతులవుతుంటే గ్లాసెత్తి గటగటా తాగించకుండా, చెంచా చొప్పున పట్టండి.

కొనేటప్పుడు ప్యాకెట్టు మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం అని ఉందో లేదో చూడండి. ఓఆర్ఎస్ అన్న పేరు తగిలించుకుని పంచదార నిండిన పండ్ల పానీయాలు ఏళ్ల తరబడి మందుల షాపుల్లోనే అమ్ముడుపోయాయి. హైదరాబాదు పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ దాని మీద గట్టిగా పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ అలాంటి పానీయాలకు ఆ పేరు వాడకూడదని ఆదేశించింది. ఆమె పోరాటం పిల్లల కోసమే అయినా, షుగరు ఉన్న పెద్దలకూ అది పెద్ద మేలు.

గుండె నీరసం వల్లో, కిడ్నీ జబ్బు వల్లో నీళ్లు కొలిచి తాగమని చెప్పినవాళ్లు మాత్రం ఎంత తాగాలో డాక్టరునే అడగాలి. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ కాబట్టి కిడ్నీ రోగులు వాటి జోలికి పోకూడదు.

6. సెలైన్ బాటిల్ మీద ఏముందో చదివించండి

నీరసం అనగానే "రెండు గ్లూకోజులు ఎక్కించండి" అని అడగడం మన ఊళ్లలో అలవాటు. 5 శాతం డెక్స్‌ట్రోజ్ ఉన్న అర లీటరు బాటిల్‌లో 25 గ్రాముల గ్లూకోజు ఉంటుంది. షుగరు 400 ఉన్న మనిషికి, ఎంత ఉందో చూడకుండానే అది ఎక్కిస్తే అంకె ఇంకా పైకి పోతుంది. నార్మల్ సెలైన్, రింగర్ లాక్టేట్‌లో చక్కెర ఉండదు. అవసరమైనప్పుడు డాక్టర్లు ఇన్సులిన్‌తో పాటు గ్లూకోజు కూడా ఎక్కిస్తారు, అది వైద్యంలో భాగమే. మీరు చేయవలసింది ఒక్కటే. ఊరి క్లినిక్కులో సూది గుచ్చకముందే "మా నాన్నకు షుగరు ఉందండీ, ముందు ఒకసారి చూసి ఎక్కించండి" అని నోరు తెరిచి చెప్పండి. మొహమాటపడకండి.

7. చెయ్యి కడిగి, చూసి, రాయండి

జబ్బు రోజున మీటరే మనకు కన్ను. మాత్రల మీద ఉన్నవాళ్లు రోజుకు నాలుగుసార్లయినా, ఇన్సులిన్ మీద ఉన్నవాళ్లు నాలుగు గంటలకోసారి, టైప్ 1 వాళ్లు రెండు నుంచి నాలుగు గంటలకోసారి చూసుకోవాలి. రాత్రి కూడా లేపి చూడాలి.

చూసే ముందు వేలు సబ్బుతో కడిగి పొడిగా తుడవాలి. ఒకామె భర్త పక్కన కూర్చుని బత్తాయి ఒలుస్తోంది. ఆయన ఒక తొన నోట్లో వేసుకుని అదే చేత్తో పరీక్షకు వేలు చాపాడు. 340 చూపింది. "నిన్న ఇంత లేదే" అని ఆమె కంగారు పడింది. చెయ్యి కడిగించి మళ్లీ చూస్తే 170. వేలికంటిన పండురసమే ఆ తేడా. ఆ 340ని నమ్మి ఇన్సులిన్ పెంచి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి. ఓఆర్ఎస్ కలిపిన చెయ్యీ అంతే.

స్ట్రిప్పుల డబ్బా మీద గడువు తేదీ చూడండి. డబ్బా మూత వేసే ఉంచండి, తేమ తగిలితే స్ట్రిప్పులు పాడవుతాయి. చేతికి సెన్సరు అంటించుకున్నవాళ్లు అంకె అనుమానంగా ఉంటే వేలి రక్తంతో సరిచూసుకోవాలి. ప్రతిసారీ సమయం, షుగరు, జ్వరం, తాగిన నీళ్లు, మూత్రం ఎన్నిసార్లు వచ్చింది, వేసుకున్న మందు, ఇవన్నీ ఒక కాగితం మీద రాయండి. ఆసుపత్రికి వెళ్లాల్సి వస్తే ఆ కాగితం చూసి డాక్టరు పది నిమిషాల్లో చేసే పనికి, అది లేకపోతే గంట పడుతుంది.

8. కీటోన్లను కనిపెట్టడం నేర్చుకోండి

టైప్ 1 వాళ్లు, చక్కెరను మూత్రంలోకి పంపే మాత్రలు వాడేవాళ్లు ఇంట్లో కీటోన్ స్ట్రిప్పులు ఉంచుకోవాలి. మూత్రంలో ముంచి రంగు చూసే స్ట్రిప్పులు చవక. రక్తంలో చూసే మీటరు ఉంటే ఇంకా మంచిది. అందులో 0.6 లోపు ఉంటే భయం లేదు. 1.5 దాటితే వెంటనే డాక్టరుకు ఫోను చేయాలి. 3 లేదా ఆపైన ఉంటే నేరుగా ఆసుపత్రికే. మూత్రం స్ట్రిప్పులో రెండు ప్లస్‌లు వచ్చినా ఆగకూడదు.

స్ట్రిప్పు లేకపోయినా గుర్తులుంటాయి. ఆగని వాంతులు, కడుపునొప్పి, విపరీతమైన దాహం, ఊపిరి లోతుగా వేగంగా తీయడం, నోటి నుంచి మగ్గిన పండు వాసన, మాట తడబడడం. కడుపునొప్పి, వాంతులు చూసి గ్యాస్ అనుకుని ఇంట్లోనే సోడా తాగించి కాలయాపన చేసినవాళ్లు ఎందరో. షుగరు మనిషికి వాంతులతో కడుపునొప్పి వస్తే ముందు షుగరూ కీటోన్లూ చూడాలి. గ్యాస్ సంగతి ఆ తర్వాత.

వయసు మళ్లిన టైప్ 2 వాళ్లలో ప్రమాదం వేరే దారిలో వస్తుంది. రోజుల తరబడి మూత్రం ఎక్కువగా పోయి, నీళ్లు తాగక, షుగరు 600 దాటి మెల్లగా మత్తులోకి జారతారు. "జ్వరం కదా, నిద్రపోతున్నాడు" అని ఇంట్లోవాళ్లు అనుకుంటారు. పెద్దవాళ్లు పగలంతా మగతగా ఉంటే అది నిద్ర అనుకోకండి. లేపి మాట్లాడించండి, షుగరు చూడండి.

9. లో షుగరు ఎక్కడి నుంచైనా వస్తుంది

70 కంటే తగ్గితే లో షుగరు. చెమట, వణుకు, గుండె దడ, ఆకలి, చిరాకు, మాట తేడా దాని గుర్తులు. జ్వరం దిగేటప్పుడు పట్టే చెమటకూ దీనికీ తేడా తెలియదు కాబట్టి చెమట పట్టగానే మీటరు చూడాలి. బీపీకో గుండెకో బీటా బ్లాకర్లు వాడేవాళ్లకు దడ, వణుకు తెలియకపోవచ్చు. చెమట మాత్రం పడుతుంది.

15 గ్రాముల గ్లూకోజు పొడి, అంటే ఇంచుమించు మూడు చెంచాలు, నీళ్లలో కలిపి తాగించాలి. 15 నిమిషాల తర్వాత మళ్లీ చూడాలి. ఇంకా తక్కువే ఉంటే మళ్లీ ఇవ్వాలి. తేరుకున్నాక ఏదైనా తినిపించాలి. గ్లూకోజు పొడి లేకపోతే పంచదార సరిపోతుంది. అయితే వోగ్లిబోస్, అకార్బోస్ కలిసిన మాత్ర వాడేవాళ్లకు పంచదార, మిఠాయి త్వరగా పని చేయవు. ఆ మందు పంచదారను పేగులో విడగొట్టనివ్వదు. వాళ్లకు గ్లూకోజు పొడే కావాలి. అట్ట వెనక చదవమన్నది ఇందుకే.

స్పృహ లేని మనిషి నోట్లో ఏదీ పోయకూడదు, అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోను చేయండి. గ్లిమిపిరైడ్ రకం మాత్రల వల్ల వచ్చిన లో షుగరు ఒకసారి సరిదిద్దినా గంటల తర్వాత మళ్లీ దిగవచ్చు. ముసలివాళ్లలో, కిడ్నీ బలహీనంగా ఉన్నవాళ్లలో ఇది మరీ ఎక్కువ. తేరుకున్నాడని వెంటనే ఇంటికి తీసుకుపోతామని పట్టుబట్టకండి.

మరొక దారి కూడా ఉంది. విరేచనాలు అనగానే మందుల షాపులో ఒఫ్లాక్సాసిన్, ఆర్నిడజోల్ కలిసిన మాత్ర ఇచ్చేస్తారు. ఒఫ్లాక్సాసిన్, సిప్రోఫ్లాక్సాసిన్, లెవోఫ్లాక్సాసిన్ కుటుంబపు మందులు షుగరును తారుమారు చేయగలవు, గ్లిమిపిరైడ్ వాడేవాళ్లలో బాగా దించగలవు. ఆ కుటుంబంలోని గాటిఫ్లాక్సాసిన్ మాత్రలనూ ఇంజెక్షన్లనూ మన దేశంలో 2011లో నిషేధించారు. యాంటీబయాటిక్ డాక్టరు రాస్తేనే వాడండి. రాసేటప్పుడు మీ షుగరు మందుల పేర్లు ఆయనకు చెప్పండి.

10. నొప్పి మాత్ర, స్టెరాయిడ్ సూది అడిగి పుచ్చుకోకండి

జ్వరానికీ ఒళ్లునొప్పులకూ పారాసిటమాల్ చాలు. డైక్లోఫెనాక్, అసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ రకాలు నీరు తగ్గిన ఒంట్లో కిడ్నీకి హాని చేస్తాయి. వానాకాలపు జ్వరం డెంగీ అయితే వాటివల్ల రక్తస్రావం ప్రమాదం కూడా ఉంది.

"ఒక్క సూదితో జ్వరం దిగిపోయింది" అని పొంగిపోయే సూదుల్లో కొన్నిసార్లు డెక్సామెథసోన్ ఉంటుంది. అది స్టెరాయిడ్. షుగరును ఒక్క పూటలోనే వందల్లోకి ఎగదోస్తుంది. 2021 కోవిడ్ సెకండ్ వేవ్‌లో బ్లాక్ ఫంగస్ ఎంతమంది కళ్లూ దవడలూ తీసుకుపోయిందో మనం చూశాం. అదుపు తప్పిన షుగరుకు స్టెరాయిడ్లు తోడవడం దానికి పెద్ద కారణాల్లో ఒకటి. ఆయాసానికో, మరో జబ్బుకో స్టెరాయిడ్ తప్పనిసరి కావచ్చు. అప్పుడు వాడాల్సిందే. వాడినన్నాళ్లూ షుగరు, ముఖ్యంగా మధ్యాహ్నం తర్వాత, చూస్తూ మందు సరిచేయించుకోవాలి. దగ్గు సిరప్పులోని రెండు చెంచాల తీపి గురించి దిగులుపడేవాళ్లు ఈ సూది గురించి ఒక్క ప్రశ్న కూడా అడగరు. అడగండి.

11. ఎర్ర మూత, నారింజ మూత

రోజూ సూది తనే వేసుకునే మనిషి జ్వరంతో పడుకుంటే, ఆ పూట కొడుకో కోడలో వేయవలసి వస్తుంది. మన దేశంలో ఇన్సులిన్ సీసాలు రెండు బలాల్లో దొరుకుతాయి. మిల్లీలీటరుకు 40 యూనిట్లది ఒకటి, 100 యూనిట్లది ఒకటి. 40 దానికి ఎర్ర మూత సిరంజి, 100 దానికి నారింజ మూత సిరంజి. 100 యూనిట్ల సీసా నుంచి ఎర్ర మూత సిరంజితో పది గీతల దాకా లాగితే, ఒంట్లోకి వెళ్లేది 25 యూనిట్లు. రెండున్నర రెట్లు. ప్రాణం పోవడానికి అది చాలు. సీసా మీద అంకె, సిరంజి మీద అంకె ఒకటేనా అని పైకి చదివి మరీ లాగడం ఇంట్లో కనీసం ఇద్దరికి నేర్పండి.

వాడుతున్న సీసాను, పెన్నును ఎండ తగలని చల్లని చోట నాలుగు వారాలు ఉంచుకోవచ్చు. తక్కినవి ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డకట్టే అరలో పెట్టకూడదు. మే నెలలో కరెంటు పోయే ఊళ్లలో తడి ఇసుక నింపిన పెద్ద కుండలో చిన్న కుండ దించి, సీసాను ప్లాస్టిక్ సంచిలో చుట్టి అందులో పెట్టి మూత వేయాలి. ఇసుక ఆరకుండా నీళ్లు చల్లుతుంటే లోపల బయటికన్నా చల్లగా ఉంటుంది. జబ్బు రోజున షుగరు ఎంతకీ దిగకపోతే, ఇన్సులిన్ ఎండకు పాడైందేమో అన్నది కూడా చూడాలి.

12. జ్వరం ఎక్కడి నుంచి వచ్చిందో వెతకండి

షుగరు మనిషికి జ్వరం వస్తే తల నుంచి కాలి దాకా చూడాలి. మా వార్డులో నేను ముందు సాక్సులు, చెప్పులు విప్పించేదాన్ని. స్పర్శ తగ్గిన పాదంలో ముల్లు గుచ్చుకున్నా తెలియదు. వేళ్ల సందుల్లో, మడమ పగుళ్లలో చీము ఉన్నా నొప్పి ఉండదు. తర్వాత మూత్రంలో మంట, నడుము పక్క నొప్పి, పంటి వాపు, సెగగడ్డలు, తగ్గని దగ్గు అడగాలి. మూలం దొరక్కపోతే షుగరు లొంగదు.

ఒక మాట మరీ గట్టిగా చెబుతాను. షుగరు ఉన్నవాళ్లకు గుండెపోటు ఛాతీ నొప్పి లేకుండానే రావచ్చు. ఉన్నట్టుండి చల్లటి చెమట, వాంతి, ఆయాసం, చెప్పలేని నీరసం వస్తే షుగరు చూసి, అది మామూలుగా ఉన్నా వెంటనే ఈసీజీ తీయించండి.

ఏటా ఫ్లూ టీకా, డాక్టరు చెప్పిన ప్రకారం న్యుమోనియా టీకా వేయించుకుంటే ఇలాంటి రోజులే కొన్ని తగ్గుతాయి.

13. ఎప్పుడు బయల్దేరాలో ముందే రాసుకోండి

అర్ధరాత్రి "తెల్లారాక చూద్దాం" అనిపిస్తుంది. ఆ బేరానికి చోటివ్వకుండా ఈ హద్దులు గోడ మీద రాసి పెట్టుకోండి. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా బయల్దేరాల్సిందే:

- నాలుగైదు గంటలుగా తాగిన నీళ్లు కూడా నిలవకపోవడం
- మందు వేసినా షుగరు రెండుసార్లు వరసగా 300 పైన ఉండడం, లేదా మీటరు 'హై' అని చూపడం
- తీపి ఇచ్చినా షుగరు 70 దాటకపోవడం, లేదా మళ్లీ మళ్లీ పడిపోవడం
- కీటోన్లు రక్తంలో 3 లేదా ఆపైన ఉండడం, మూత్రం స్ట్రిప్పులో రెండు ప్లస్‌లు రావడం
- ఆయాసం, ఛాతీలో బరువు, మత్తు, మాట తేడా, ఫిట్స్
- ఆరేడు గంటలుగా మూత్రం రాకపోవడం, నాలుక పిడచకట్టడం
- రెండు రోజులైనా తగ్గని జ్వరం, కాలిలో వాపు, నలుపు, చీము
- గర్భిణీ, చిన్నపిల్లలు, ఒంటరిగా ఉండే ముసలివాళ్లయితే ఇంత దాకా కూడా ఆగకూడదు

వెళ్లేటప్పుడు మాత్రల అట్టలన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్లండి. "తెల్ల మాత్ర, చిన్నది" అంటే ఎవరికీ అర్థం కాదు.

14. దూరాన ఉన్న పిల్లలు అంకెలు అడగాలి

ఇప్పుడు చాలా ఇళ్లలో ఇద్దరు ముసలివాళ్లే మిగిలారు. పిల్లలు హైదరాబాదులోనో, బెంగళూరులోనో, డాలస్‌లోనో ఉంటారు. ఫోను చేసి "ఎలా ఉంది నాన్నా?" అంటే "బాగానే ఉందమ్మా, కాస్త జ్వరం" అంటారు. పిల్లలు కంగారు పడతారని అసలు సంగతి చెప్పరు. ఆ ప్రశ్న మార్చండి. "నాన్నా, షుగరు ఎంత ఉంది? మీటరు ఫొటో పంపు. పొద్దుటి నుంచి ఎన్నిసార్లు మూత్రానికి వెళ్లావు? ఏ మాత్రలు వేసుకున్నావు? ఏం తాగావు?" ఈ నాలుగూ అడిగితే అక్కడి నుంచే సగం పరిస్థితి తెలుస్తుంది. పక్కింటివాళ్ల నంబరు, దగ్గరి ఆసుపత్రి నంబరు మీ ఫోనులో ఉండాలి. నాన్న జవాబులు పొంతన లేకుండా ఉంటే పక్కింటివాళ్లను వెంటనే పంపండి.

15. ఆ కాగితం ఈ వారమే రాయించండి

అన్ని పాఠాలూ ఒక కాగితం మీదికి రావాలి. నాలుగు విషయాలు చాలు: తినలేని రోజున ఆపవలసిన మందులు, ఎట్టి పరిస్థితిలోనూ ఆపకూడనివి, ఇన్సులిన్ ఏ అంకెకు ఎంత మార్చాలి, ఎవరికి ఫోను చేయాలి. వచ్చేసారి డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు "అంతా బాగానే ఉందండీ" అని చీటీ తీసుకుని వచ్చేయకుండా, కాగితం ముందు పెట్టి రాసివ్వమని అడగండి. తీరిక లేని డాక్టరు కూడా అయిదు నిమిషాలు ఇస్తారు. అలా అడిగిన రోగి మీద వాళ్లకు గౌరవం కూడా పెరుగుతుంది.

ఆ కాగితంతో పాటు మీటరు, స్ట్రిప్పులు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, గ్లూకోజు పొడి, థర్మామీటరు, పారాసిటమాల్ ఒక డబ్బాలో పెట్టి ఇంట్లో అందరికీ చూపించండి. మీకు ఒంట్లో బాగోలేని రోజున ఆ డబ్బా తెరిచేది మీరు కాదు, మీ ఇంట్లోవాళ్లు. కాబట్టి ఒకసారి వాళ్ల చేత మీటరు పెట్టించి, కాగితం చదివించి, ఓఆర్ఎస్ కలిపించి చూడండి. షుగరు బతికినంత కాలం మనతో ఉండే జబ్బు. జ్వరాలు, విరేచనాలు వస్తుంటాయి, పోతుంటాయి. ముందుగా సిద్ధమై ఉన్న ఇంట్లో అవి వచ్చినట్టే వచ్చి తగ్గిపోవడం నేను చాలాసార్లు చూశాను. మీ ఇల్లూ అలాంటి ఇల్లు కావాలి.